టెస్ట్ బ్రౌజర్లు మనమూ వాడాలి, షాపు కంప్యూటర్‌లో మాత్రం వద్దు

నా ఫోన్‌లో బ్రౌజర్లు నాలుగున్నాయి. మామూలు క్రోమ్, పక్కనే పసుపు ఐకాన్‌తో క్రోమ్ కెనరీ, ఆ కింద ఫైర్‌ఫాక్స్, దాని పక్కన ఊదా రంగులో ఫైర్‌ఫాక్స్ నైట్లీ. "ఒక్కటి సాలదా తమ్మీ? మళ్ల స్టోరేజ్ నిండిందని నువ్వే ఏడుస్తవ్" అంటాడు కోరుట్లలో ఆన్‌లైన్ సెంటర్ నడిపే మా పెద్దనాన్న కొడుకు. నేనుండేది జగిత్యాలలో. వారంలో రెండు రోజులు అన్న షాపులో కూర్చుంటాను. మేనమామ వాళ్లది సిరిసిల్ల. ఈ మూడు ఊళ్ల పేర్లు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో వాటితో పని ఉంది.

రెండు నెలలుగా ఈ టెస్ట్ వెర్షన్లనే వాడుతున్నాను. యూట్యూబ్‌లో "కొత్త ఫీచర్లు ముందే కావాలా, కెనరీ వేసుకోండి" అని వీడియోలు బోలెడు. నా అభిప్రాయం వేరు. ఫీచర్ల కోసమైతే వేసుకోకండి. ఇవాళ కనిపించిన బటన్ రేపు ఉండదు, ఎల్లుండి ఇంకో చోట తేలుతుంది. తెలుగు చదివే వాళ్లు ఈ వెర్షన్లు వాడాల్సిన కారణం వేరే ఉంది.

ముందు ఇవేంటో తెలియని వాళ్లకు రెండు ముక్కలు. కెనరీ అంటే చిన్న పసుపు పిట్ట. బ్రిటన్ బొగ్గు బావుల్లోకి దాన్ని పంజరంలో పెట్టి తీసుకెళ్లేవాళ్లు. విషవాయువు ఉంటే మనిషి కంటే ముందు పిట్ట సోలిపోయేది. 1986 దాకా ఆ పద్ధతి ఉంది. గోదావరిఖనిలో చుట్టాలున్న వాళ్లకు బావిలో గ్యాస్ అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు. గూగుల్ 2010లో తన అన్నిటికన్నా పచ్చి వెర్షన్‌కు ఆ పేరే పెట్టింది. అంటే ఇన్‌స్టాల్ నొక్కిన మీరే ఆ పిట్ట, కంపెనీ వాళ్లేం దాచలేదు. కెనరీ తర్వాత డెవ్, ఆ తర్వాత బీటా, చివరికి అందరి ఫోన్లలో ఉండే స్టేబుల్. మొజిల్లాలో నైట్లీ, బీటా, రిలీజ్. 2021లో క్రోమ్ 94 నుంచి గూగుల్ తన రిలీజ్ గడువును ఆరు వారాల నుంచి నాలుగుకు తగ్గించింది. ఇవాళ నైట్లీలో పడిన తప్పును ఎవరూ పట్టుకోకపోతే సుమారు రెండు నెలల్లో అది మా అమ్మ ఫోన్‌కు కూడా చేరుతుంది.

ఆ తప్పు ఇంగ్లిష్‌లో ఉంటే గంటలో పట్టుకుంటారు, తయారుచేసే వాళ్లు చదివేదే ఇంగ్లిష్ కాబట్టి. తెలుగులో ఉంటే?

ఇప్పుడు ఆ మూడు పేర్లు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. మూడింట్లోనూ వత్తు ఉంది, గమనించారా? మన కంటికి "ల్ల" ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు మూడు ముక్కలు: ల, పొల్లు, మళ్లీ ల. సిరిసిల్ల మొత్తం తొమ్మిది ముక్కలు. వీటిని కలిపి వత్తుగా చూపించే పని హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌ది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ మూడూ దాన్నే వాడతాయి. చూపించడం వరకు అది బాగానే చేస్తుంది. చిక్కంతా ఒక అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది అన్న లెక్క దగ్గర. కర్సర్ ఎక్కడ ఆగాలి, పొడుగు పదం లైన్‌లో పట్టకపోతే ఎక్కడ విరగాలి, ఇవన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి.

చాలా ఏళ్లు యూనికోడ్ లెక్కలో పొల్లు దగ్గర అక్షరం అయిపోయేది. "స్త్రీ" అంటే మనకు ఒక్కటి, దానికి మూడు: స్, త్, రీ. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1లో ఈ నియమం మార్చారు. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే మొత్తం ఒకే గుంపు. స్త్రీ ఒక్కటైంది. జగిత్యాల ఐదు నుంచి నాలుగైంది. నియమం కాగితం మీద మారితే చాలదు కదా, ప్రతి బ్రౌజర్‌లో కోడ్ మారాలి. కోడ్ మారిన ప్రతిసారీ ఏదో ఒకటి తెగుతుంది. తెగేది మొదట టెస్ట్ వెర్షన్‌లోనే.

నాకు తగిలింది అలాంటిదే. ఒకరోజు పొద్దున అప్‌డేట్ అయింది. వార్తల పేజీలో సన్నటి డబ్బాలో ఉన్న హెడ్డింగ్ చూస్తే పై లైన్‌లో "సిరిసిల్", కింద లైన్‌లో ఒంటరిగా "ల". అంతకు రెండు రోజుల కిందటి బిల్డ్‌లో పదం సరిగ్గానే విరిగింది. ఏ బ్రౌజర్ అన్నది చెప్పను. పరీక్ష కోసం ఇచ్చిన వెర్షన్‌లో తప్పు దొరికిందని పేరు పెట్టి చాటడం న్యాయం కాదు. దాన్ని వాళ్లిచ్చిందే తప్పులు వెతకడానికి. ("కెనరీ క్రాష్ అయింది, గూగుల్ పరువు పోయింది" అని థంబ్‌నెయిల్ పెట్టే అన్నలారా, మీకే.)

రిపోర్ట్ పెట్టాను. మొదటిసారి "తెలుగు సరిగ్గా రావట్లేదు" అని ఒక్క లైన్ రాసి స్క్రీన్‌షాట్ జత చేశాను. మర్నాడు జవాబు వచ్చింది. ఆ స్క్రీన్‌షాట్‌లో తప్పేదో తనకు తెలియడం లేదని, ఎలా ఉండాలో చూపించమని అటువైపు మనిషి అడిగాడు. నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నాకు బర్మీస్ స్క్రీన్‌షాట్ పంపి తప్పు కనిపెట్టమంటే నేనేం చెప్తాను? అప్పుడు కూర్చొని మూడు ఊళ్ల పేర్లు మాత్రమే ఉన్న చిన్న పేజీ తయారు చేశాను. డబ్బా వెడల్పు తగ్గిస్తే ఏ పదం ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ విరగాలో పక్కపక్కన పెట్టాను. పాత బిల్డ్ నంబర్, కొత్త బిల్డ్ నంబర్, ఫోన్ మోడల్ రాశాను. పది రోజుల్లో సరి చేశారు. నేను కోడ్ ఒక్క లైన్ ముట్టుకోలేదు. నాకున్న అర్హతల్లా తెలుగు చదవడం రావడమే.

ఇంత చిన్నదానికి అంత హడావుడా అనుకునే వాళ్లకు 2018 ఫిబ్రవరి గుర్తు చేస్తాను. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కు ఒకే ఒక్క తెలుగు అక్షరం పంపితే యాప్ కుప్పకూలేది. "జ్ఞా"లో ఒక కనిపించని నాన్-జాయినర్ గుర్తు ఇరికిన రూపం అది. మెసేజెస్‌లో వస్తే మెసేజెస్ పోయింది, వాట్సాప్‌లో వస్తే వాట్సాప్. ఆకతాయిలు ట్విట్టర్ పేర్లలో పెట్టి ఆడుకున్నారు. మ్యాక్, యాపిల్ వాచ్ కూడా తప్పించుకోలేదు. అప్పట్లో మొజిల్లాలో పనిచేసే మనీష్ గోరెగావ్‌కర్ దాన్ని విప్పి చూసి, ఇది తెలుగు ఒక్కదాని గొడవ కాదని, బెంగాలీ, దేవనాగరిల్లో కూడా ఇలాంటి వరసలు ఉన్నాయని రాశాడు. ఫిబ్రవరి 19న 11.2.6తో యాపిల్ సరిదిద్దింది. ఇందులో నాకు బాగా గుచ్చుకునే విషయం ఒకటుంది: అదే సమయంలో పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఆ తప్పు లేదు. అంటే బీటా వాడేవాళ్లు హాయిగా ఉన్నారు, మామూలు జనం ఫోన్లు పడిపోయాయి. 11.2.5 విడుదలకు ముందు దాని బీటాలో తెలుగు వాళ్లు కాస్త ఎక్కువమంది మెసేజ్‌లు కొట్టి ఉంటే బయటపడేదేమో. ప్రపంచమంతా తెలుగు అక్షరాన్ని "ఐఫోన్ బాంబు" అని పిలిచిన ఆ వారం నాకైతే నవ్వు రాలేదు.

ఇక షాపు సంగతి. ఇది నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

అన్న సెంటర్‌లో రెండు కంప్యూటర్లు. ఒకటి ప్రింటర్‌కు కట్టేసి ఉంటుంది, రెండోదాంట్లో అప్లికేషన్లు చేస్తారు. నేను ఉత్సాహంలో ఆ రెండోదాంట్లో టెస్ట్ వెర్షన్ ఎక్కించి, డిఫాల్ట్ బ్రౌజర్‌గా పెట్టాను. అన్నకు చెప్పలేదు. వారం బాగానే నడిచింది. ఒక సాయంత్రం ఊరి నుంచి ఒక తల్లీ బిడ్డా వచ్చారు. కాలేజీ సీటు కోసం దరఖాస్తు, ఆ రాత్రి పన్నెండుకు గడువు. ఫారమ్ సగం నింపాక మండలం ఎంచుకునే డబ్బా తెరిస్తే ఖాళీ. మళ్లీ తెరిచినా ఖాళీ. రిఫ్రెష్ చేస్తే నింపిందంతా పోయింది. సర్వర్ బిజీ అనుకొని అన్న గంటన్నర తన్నుకున్నాడు. ఆ తల్లి మూడుసార్లు అడిగింది, "అయితదా బిడ్డా?" అని. చివరి బస్సు కూడా వెళ్లిపోయింది.

నేను జగిత్యాల నుంచి ఫోన్‌లో విని, కాసేపు నోరు పెగలక, తర్వాత చెప్పాను: "అన్నా, అది టెస్ట్ బ్రౌజర్. నీ ఫోన్‌ల మామూలుదాంట్లో తెరువు." ఫోన్‌లో మండలాలన్నీ వచ్చాయి. రాత్రి పదకొండు నలభైకి సబ్మిట్ అయింది. అన్నే వాళ్లను బండి మీద ఇంటి దగ్గర దింపి వచ్చాడు. తర్వాత నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ టైప్ చేయలేను. న్యాయమైన తిట్లే.

నేను జగిత్యాలలో కూర్చుని పిట్ట పాత్ర వేసుకోవడం నా ఇష్టం. ఆ బిడ్డను నేను పంజరంలో పెట్టాను, ఆమెకు తెలియకుండా.

ఈ కథ సిరిసిల్లలో మామకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. మామ సాంచాలు నడిపే ఆసామి. "కొత్త డిజైన్ వస్తే మేం ఒక సాంచ మీద గజం నేసి చూస్తం. అన్ని సాంచాల మీద ఎక్కించి చూడం గద అల్లుడా" అన్నాడు. ఆయన ఫోన్‌లోనూ నైట్లీ వేద్దామనుకున్నాను, అది 3 జీబీ ర్యామ్ పాత ఫోన్ కాబట్టి అసలైన పరీక్ష అవుతుందని. ఆ మాట విన్నాక జేబులోంచి నా పాత ఫోన్ తీసి దాంట్లో వేశాను. టెస్ట్ వెర్షన్లు పాత ఫోన్‌లో వేడెక్కుతాయి, ట్యాబ్‌లు మాటిమాటికీ రీలోడ్ అవుతాయి. కానీ మన దగ్గర చాలామంది చేతిలో ఉన్నవి అలాంటి ఫోన్లే. అక్కడ నెమ్మదిస్తే రిపోర్ట్ పెట్టాల్సిన వాళ్లు కూడా మనమే.

వేసుకునే వాళ్లకు నా పద్ధతి చెబుతాను. ఫోన్‌లో కెనరీ, నైట్లీ మామూలు వాటి పక్కనే వేరే యాప్‌లుగా కూర్చుంటాయి, దాన్ని తీసేయక్కర్లేదు. డిఫాల్ట్ చేయొద్దు. పాస్‌వర్డ్‌లు సింక్ చేయొద్దు, బ్యాంకు, యూపీఐ లాగిన్లు అసలే వద్దు. వార్తలు, వికీపీడియా, క్రికెట్ స్కోర్లు, ఇలా పోయినా బాధలేనివి మాత్రమే చదవండి. అప్‌డేట్లు దాదాపు రోజూ వస్తాయి కాబట్టి వైఫై మీదే దింపుకోండి. నైట్లీ మీ వాడకం వివరాలు కొన్ని మొజిల్లాకు పంపుతుంది, ఇష్టం లేకపోతే సెట్టింగ్స్‌లో ఆపండి. కంప్యూటర్‌లో కొత్త ఫైర్‌ఫాక్స్‌తో తెరిచిన ప్రొఫైల్‌ను పాతదాంతో తెరవబోతే 2019లో వచ్చిన వెర్షన్ 67 నుంచి అది ఒప్పుకోదు, కాబట్టి ప్రొఫైల్స్ కలపకండి.

తప్పు కనిపిస్తే ముందు అదే పేజీ మామూలు బ్రౌజర్‌లో తెరవండి. అక్కడా తప్పే అయితే బ్రౌజర్‌ది కాకపోవచ్చు. పేరు డబ్బాలో ఇరవైకి మించి పట్టకుండా పెట్టిన సైట్‌లో "స్త్రీ" అని కొడితే ఆరు ఖర్చవుతాయి, అది సైట్ కట్టిన వాళ్ల పని. టెస్ట్ వెర్షన్‌లో మాత్రమే వస్తే అప్పుడు బగ్‌జిల్లాకో క్రోమియం ట్రాకర్‌కో వెళ్లండి. కంప్యూటర్ ఉన్నవాళ్లకు నైట్లీ కోసం మోజ్‌రిగ్రెషన్ అనే టూల్ ఉంది. అది పాత బిల్డ్‌లను సగానికి సగం కోసుకుంటూ వెళ్తుంది, "ఇది బాగుందా, లేదా" అని అడుగుతుంది. నెల రోజుల బిల్డ్‌లైనా ఐదారుసార్లు జవాబిస్తే తప్పు ఏ రోజు పడిందో తేలుతుంది. పజిల్స్ ఇష్టమైతే రీల్స్ కంటే ఇదే మజా.

"గూగుల్‌కు పైసలు తక్కువున్నయా, ఊరికే ఎందుకు పని చేసిపెట్టాలె?" అని ఒక ఫ్రెండ్ అడిగాడు. సరైన ప్రశ్నే. నేను వాదించను. ఆ కంపెనీలు తెలుగు చదివే టెస్టర్లను జీతమిచ్చి పెట్టుకోవాలి. కానీ పెట్టుకునే దాకా సిరిసిల్ల రెండు ముక్కలై కనిపించేది మనకే, వాళ్లకు కాదు. మనసొప్పకపోతే నైట్లీకే రిపోర్ట్ చేయండి. మొజిల్లా కనీసం లాభాపేక్ష లేని ఫౌండేషన్ కింద ఉన్న సంస్థ. నా మొగ్గు కూడా అటే, వేగంలో క్రోమ్ ముందున్నా సరే.

అన్న షాపు కంప్యూటర్ మానిటర్ అంచుకు ఇప్పుడొక తెల్ల కాగితం అంటించి ఉంది. స్కెచ్ పెన్‌తో రాశాడు: "ఇండ్ల ఏం ఎక్కియ్యద్దు." కింద బ్రాకెట్‌లో నా పేరు.