ప్రతినాయకుని పక్షమున కథ చెప్పుట దోషమా?

ప్రతినాయకుని పక్షమున నిలిచి కథ చెప్పు హాస్య యానిమేషన్ చిత్రములు నేడు లోకమంతటా వ్యాపించినవి. పాశ్చాత్యదేశములలో 2010లో ‘డెస్పికబుల్ మీ’, ‘మెగామైండ్’ అను చిత్రములు వచ్చినవి. 2019లో ‘హార్లీ క్విన్’ అను ధారావాహిక ప్రారంభమైనది. ఆ గాలి పురాణకథల మీదికిని వీచుచున్నది. రావణుడు అపార్థమునకు గురియైన పండితుడట! దుర్యోధనుడు కేవలము స్నేహశీలియట! ధర్మమనునది గెలిచినవారు వ్రాసికొన్న కథయట!

ఇది నూతన ఆవిష్కారమని చెప్పువారు మూలగ్రంథములను తెరచి చూడలేదు. ఇది అపచారమని, చూపరాదని కేకలు వేయువారును తెరచి చూడలేదు. సుందరకాండమున రావణుని తేజస్సును చూచి హనుమంతుడే విస్మితుడైనాడు. అధర్మమే లేకున్నచో ఇతడు దేవలోకమునకును ప్రభువు కాదగినవాడని తలపోసినాడు. రావణవధానంతరము వైరము మరణముతో ముగిసినదని పలికి, అంత్యక్రియలు జరిపింపుమని విభీషణుని ఆజ్ఞాపించినవాడు శ్రీరాముడే. శత్రువు గొప్పతనమును దాచవలసిన దుర్గతి ఋషులకు లేదు.

హాస్యమును మనకు క్రొత్తది కాదు. ధర్మవరము సమీపమున నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట నేటికిని జీవించియున్నది. తెరపై కదలు రంగుబొమ్మలతో రామాయణ భారతములను చూపు ఆ కళలో కేతిగాడు, బంగారక్క నడుమ ప్రవేశించి నవ్వింతురు. కాని ఆ నవ్వు రావణుని దోషమును తుడిచివేయదు. ద్రావిడదేశమున మెలట్టూరులో తెలుగు ప్రహ్లాదచరిత్రము ఆడుదురు. అందు హిరణ్యకశిపుడు ఎంత గంభీరుడైనను కడపట నరసింహుని యెదుట నిలువక తప్పదు.

వెండితెరపైన 1961లో ‘సీతారామకల్యాణము’న రావణుడైన నందమూరి తారకరామారావు, 1977లో ‘దానవీరశూరకర్ణ’లో కర్ణ దుర్యోధన శ్రీకృష్ణ పాత్రలు మూడింటిని ధరించినారు. అందు సుయోధనుని సంభాషణలు కంఠస్థము చేసినవారు తెలుగునాట కోకొల్లలు. అదే నటుడు, అదే చిత్రమున పలికిన శ్రీకృష్ణుని మాటలు ఎందరికి గుర్తున్నవి? దోషము పాత్రధారిది కాదు. ఏది కంఠస్థము చేయవలెనో ఎరుగని శ్రోతది.

ద్వేషముతో తలచియు శిశుపాలుడు ముక్తి నొందలేదా అని కొందరు వాదింతురు. భాగవత సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు చెప్పిన ఆ మాట భగవంతుని కారుణ్యమునకు స్తుతియే కాని, ద్వేషమునకు అనుమతిపత్రము కాదు. విషము త్రాగినవానిని వైద్యుడు బ్రతికించెనని విషమును నైవేద్యము పెట్టుదుమా?

అనంతపురము జిల్లా కంబదూరు వంటి మెట్టసీమకు ఈ విచారము వట్టి వాగ్వాదము కాదు. వానలు మొగము చాటువేసినప్పుడు విరాటపర్వము చదివించుట తెలుగువారి ఆచారము. ఆ పర్వమున ఒక ఘట్టము సాంతము ప్రతినాయకుని కొలువులోనే నడచును. పాండవుల జాడ తెలియక చారులు తిరిగివచ్చినారు; దుర్యోధనుడు చింతాక్రాంతుడైనాడు. అప్పుడు భీష్ముడు చెప్పిన గుర్తు ఏమి? ధర్మరాజు ఉన్న దేశమున వానలు సకాలమున కురియును, పైరులు ఫలించును, జనులు సత్యము పలుకుదురు, అచ్చట వెదకుడని. ప్రతినాయకుని సభలో, అతని చెవులతో విన్నను, వినబడినది ధర్మమహిమయే. వ్యాసుడు ఎవరి పక్షమున కూర్చుండబెట్టినను కథ సత్యమును విడువలేదు.

కనుక పరీక్ష ఒక్కటే. కథ ఎవరి కన్నులతో చూచినదని కాదు, కర్మఫలమును చూపినదా దాచినదా అని అడుగవలెను. ‘డెస్పికబుల్ మీ’లోని దొంగయు ముగ్గురు అనాథబాలికల ప్రేమవలన మారినాడు గదా! ఆ మార్పును వదలి దొంగతనమును మాత్రమే ముచ్చటగా చూపు కథ బాలుని మనస్సున ఏ విత్తనము వేయును? బీడునేల ఎరిగిన రైతు ఒక్క వాన పడినదని చేతికందిన విత్తనమెల్ల చల్లడు, ఏరి చల్లును. పిల్లల చేతికి చరవాణి నిచ్చు తల్లిదండ్రులకు ఆ మాత్రపు వివేకము ఉండవలదా? నిషేధము కోరుటకు ముందు ఇంట విరాటపర్వము ఒకసారి చదివి వినిపింపుడు. మూలకథ తెలిసిన పిల్లవాడు ఏ బొమ్మల కథనైనను చూచి నవ్వును, మోసపోడు.

స్వస్తి.