ఘాట్‌లో పిట్టగోడకు ఇంకెన్ని శవాలు కావాలి?

సాలూరు దాటి సుంకి, పొట్టంగి, సిమిలిగుడ మీదుగా కోరాపుట్ ఎక్కే రోడ్డు ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి. పాత డ్రైవర్ల నోట ఇప్పటికీ నలభై మూడే. లారీల ఊరు సాలూరుకు తిండి పెట్టిన రోడ్డు అది. ఆ ఊరి డ్రైవర్లనూ క్లీనర్లనూ మింగిందీ అదే. బండి లోయలో పడ్డ ప్రతిసారీ అతివేగమనో నిద్రమత్తనో రాసి ఫైలు మూసేస్తారు. చచ్చినవాడు లేచి జవాబు చెప్పలేడు కదా! మలుపులో పిట్టగోడ ఎందుకు లేదని, పొగమంచులో రోడ్డు అంచు చూపే తెల్లగీత ఎప్పుడు చెరిగిపోయిందని ఏ అధికారినైనా నిలబెట్టి అడిగారా?

2021 జనవరి ఆఖరున, రాత్రివేళ, కోరాపుట్ జిల్లాలోనే కోట్‌పాడ్ దగ్గర ముర్తహండిలో పికప్ వ్యాను బోల్తా పడింది. చావింటికి వెళ్లి ఛత్తీస్‌గఢ్‌లోని తమ ఊరికి తిరిగిపోతున్న వాళ్లు పది మంది పోయారు. సరుకు బండి ఎందుకెక్కారని చచ్చినవాళ్లనే తప్పుపట్టారు. ఎక్కక ఏం చేస్తారు? ఆ వేళకు ఆ పల్లెకు బస్సు ఉందా? మళ్లీ 2024 రిపబ్లిక్ దినం నాడు బొరిగుమ్మ దగ్గర ఆటోలో, బైకు మీద వెళ్తున్నవాళ్లు చనిపోయారు. అదే జిల్లా.

అటు రాయగడ దారి చూడండి. పార్వతీపురం నుంచి కొమరాడ, కూనేరు మీదుగా మజ్జిగౌరమ్మ దర్శనానికి వెళ్లే భక్తులు, ఇటు ఆసుపత్రులకు వచ్చే రోగులు, సంతకు పోయే గిరిజనులు, అందరికీ ఆ గుంతలే గతి. ఒక్క లారీ దిగబడితే రెండు వైపులా బండ్లు బారులు తీరతాయి. ఆ వరసలో నొప్పులు పడుతున్న ఆడమనిషి ఉంటే ఆమెను ఎవరు దాటిస్తారు? 1936 దాకా ఇటు పార్వతీపురం, అటు రాయగడ, కోరాపుట్ అన్నీ విశాఖపట్నం జిల్లాయే. మధ్యలో ఒడిశా సరిహద్దు వచ్చినంత మాత్రాన చుట్టరికాలు తెగలేదు, రాకపోకలు ఆగలేదు.

నాసిరకం డిజైను వల్ల, నిర్వహణ లేక మనిషి చనిపోతే కాంట్రాక్టరునూ అధికారులనూ బాధ్యులను చేసే 198ఎ సెక్షన్‌ను 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. జరిమానా లక్ష రూపాయల దాకా. ప్రాణానికి లక్ష! ఆ లక్షయినా ఈ ఘాట్ రోడ్డు మీద ఎవరి జేబులోంచి రాలింది?

రాయపూర్ నుంచి విశాఖకు 464 కిలోమీటర్ల ఆరు వరసల రహదారి వస్తోందిగా, ఓపిక పట్టండంటున్నారు. అది ఎక్కడపడితే అక్కడ ఎక్కే రోడ్డు కాదు. కంటైనర్లు అటు పోతాయి. పొట్టంగి రైతు బైకు, సుంకి పిల్లల ఆటో ఈ పాత దారినే పోవాలి. వాళ్ల కోసం ఇనుప రెయిలింగు వేయండి, గుంతలు పూడ్చండి, ఘాట్ మొదట్లోనే అంబులెన్సు నిలపండి. పొగమంచు దిగేలోగా ఈ పని ఏ ఇంజినీరుదో పేరు పెట్టి రోడ్డు పక్కన బోర్డు కట్టండి.