ప్రకోపమును చూపని లెక్క

కోయంబత్తూరు నూలుమిల్లుల పరిసరములందును, నాయకరాజుల కాలమునుండి మధుర సీమయందును స్థిరపడి, వీధిలో తమిళమును ఇంట తెలుగును పలుకుచున్న మనవారిలో మేనరికములును, అక్కకూతురిని చేసికొనుటయు నేటికిని పూర్తిగా అంతరింపలేదు. ఆస్తి చెదరదనియు, పిల్ల కన్నులయెదుటనే యుండుననియు పెద్దలు చెప్పు కారణములను నేను పరిహసింపను. అయినను దంపతులిద్దఱును తమకే తెలియక ఒకే జన్యుదోషమును మోయుచున్నచో, ప్రతి కాన్పునను నాలుగింట ఒకపాలు అవకాశముతో బిడ్డకు సంక్రమించు రోగములు కలవనియు, అందు సిస్టిక్ ఫైబ్రోసిస్ ఒకటనియు తాంబూలములు పుచ్చుకొనువేళ చెప్పువారు అరుదు.

1989లో ఏడవ క్రోమోజోముపై కనుగొనబడిన జన్యువు చెడుటచే కలుగు ఈ వ్యాధియందు శ్వాసనాళములలోని శ్లేష్మము చిక్కబడి, సూడోమొనాస్ వంటి సూక్ష్మక్రిములకు స్థిరనివాసమగును. చెమటలో ఉప్పు హెచ్చుటచే, పసివానిని ముద్దాడిన అమ్మమ్మ పెదవులకు ఉప్పదనము తగులును. మధుర యెండలో ఆడివచ్చిన పిల్లవాని మెడపై చెమట ఆరి తెల్లని పొర నిలుచును. "వీడి ఒళ్ళంతా ఉప్పేనమ్మా" అని ఆమె యన్నచో ఇంటివారు నవ్వి యూరకుందురు. దగ్గును మాత్రము ఉబ్బసమనియో, క్షయయనియో యెంచి మందులు మార్చుచుందురు.

రోగము తేలిన పిదపనైనను మఱియొక చిక్కు కలదు. 1930లో రాక్‌ఫెల్లర్ సంస్థవారు నిమోనియా రోగుల రక్తమున గుర్తించిన సి.ఆర్.పి. అను మాంసకృత్తును, దేహమున శోథము రేగిన కొన్ని గంటలకే కాలేయము విడుదల చేయును. ఈ వ్యాధియందైతే తెల్లకణములు శ్వాసనాళములలోనే గుమిగూడి, ఎలాస్టేజ్ అను ద్రవ్యమును వెడలగ్రక్కి, క్రిములతోపాటు నాళముల గోడలను కూడ తినివేయుచుండగా, రక్తమునందలి సి.ఆర్.పి. యంకె ఒక్కొక్కప్పుడు అంతగా కదలదు. కావున ప్రయోగశాల కాగితముపై "నార్మల్" అని యున్నంతమాత్రమున ప్రకోపము, అనగా రోగము ఉన్నట్టుండి ముదురుట, లేదని తల్లిని త్రిప్పిపంపుట నాకు సమ్మతము కాదు. బిడ్డ కులాసాగా నున్ననాటి యంకెతో నేటిదానిని పోల్చవలెను. కఫము రంగు మాఱినదా, అన్నము తగ్గినదా, ఊదుడు పరీక్షలో బలము పడిపోయినదా యని విచారింపవలెను. సిరలద్వారా మందులెక్కించి చికిత్స చేసినను, నాలుగింట ఒకపాలు ప్రకోపములలో ఊపిరితిత్తుల శక్తి పూర్వస్థితికి రాదని అమెరికా రోగుల వివరములను పరిశీలించినవారు 2010లో తేల్చిరి. జాప్యమునకు ఇంతకంటె వెల యేమి కావలెను?

ఈ రోగమును పట్టించు చెమట పరీక్ష 1959 నాటికే రూపుదిద్దుకొన్నది. లీటరు చెమటలో క్లోరైడు 60 మిల్లీమోలులకు చేరినచో అనుమానము బలపడును. దీనిని జిల్లా ప్రభుత్వాసుపత్రులన్నిటను జరిపింపవలెనని కోరుట అత్యాశ కాదు. ఇక వంశమున దగ్గుతో నలిగి చిన్ననాటనే పోయిన బిడ్డలున్న ఇండ్లలో, మేనరికము ఖాయపఱచుకొనుటకు ముందు, జాతకములతోపాటు జన్యుపరీక్షయు జరిపించుకొందురు గాక.