తుక్కులోంచి తీసిన జీపు

సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు "కవిత రాయనా?" అన్నాను. "కవితలు మస్తు వచ్చినయి గని, నీ జీపు సంగతి రాయి" అన్నారు. కాలేజీలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళకంటే "జీపోడు" అని పిలిచేవాళ్ళే ఎక్కువ గనుక ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. అయితే జీపు ఎట్లా కట్టామో చెప్పి ఊరుకుంటే అది సొంత డబ్బా అవుతుంది. నాకొక ఫిర్యాదు ఉంది. అధ్యాపకులూ పూర్వ విద్యార్థులూ కూడా చదివే సంచిక గదా, అదేదో ఇక్కడే చెప్పుకుంటాను.

ఆ జీపు మా తాతది. 1974 నాటి మహీంద్రా. ఏదో ప్రభుత్వ శాఖ వాళ్ళు పీల్చి పిప్పి చేసి వదిలేస్తే 1989లో వేలంపాటలో కొన్నాడు. అంతకు ముందు మా ఊళ్ళోకి జీపు వచ్చిందంటే పోలీసులన్నా అయి ఉండాలి, బాకీ కింద జప్తు చేసేవాళ్ళన్నా అయి ఉండాలి, ఎలక్షన్లన్నా అయి ఉండాలి. జీపు చప్పుడు విని జనం తలుపులు వేసుకోకుండా బయటికి వచ్చింది మొట్టమొదట మా తాత జీపుకేనని బాపమ్మ ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్టుకు పోయింది అందులోనే. నొప్పులు పడే ఆడవాళ్ళు ఎం.జి.ఎం. ఆసుపత్రికి పోయింది అందులోనే. రెండేళ్ళకోసారి మేడారం జాతరకు ఎంతమంది ఎక్కేవాళ్ళో నేను రాయను, రాస్తే ఇప్పుడైనా చలానా పంపుతారు! పెట్రోలు పొయ్యలేక తాత అసలు ఇంజను పీకించి, పాత ట్రాక్టరు డీజిలు ఇంజను ఒకటి పెట్టించాడు. తాత పోయినాక అది వేపచెట్టు కింద నిలబడిపోయింది. సీట్ల కింద కోళ్ళు గుడ్లు పెట్టేవి.

2024 ఉగాదికి తుక్కు కొనే ఆయన వచ్చి కిలోల లెక్కన ఇరవై ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. ఆ ఏడు పత్తి మమ్మల్ని దెబ్బ కొట్టింది. ఎరువుల దుకాణంలో బాకీ ఉంది. బాపు సరేననబోతుంటే నేను అడ్డం పడ్డాను. "బాపూ, ఆ ఇరవై ఎనిమిది వేలు నేనిస్త, జీపు నాకియ్యి." బాపు నన్ను ఎగాదిగా చూసి "ఎక్కడినుంచి తెస్తవు?" అన్నాడు. నాకూ తెలియదు. అట్లా ఒక బి.ఎస్సీ. విద్యార్థి అప్పులవాడయ్యాడు.

ఈ బండి పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి నాలుగు చక్రాల లాగుడు బండి కావాలంటే బాంటం అనే చిన్న కంపెనీ 49 రోజుల్లో నమూనా చేసి ఇచ్చింది. తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. మన దేశంలో విల్లీస్ జీపును బిగించింది మహీంద్రా వారు. 1945లో ఆ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. అందులో మహమ్మద్ గారు పాకిస్తాను వెళ్ళి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి కావడంతో 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1963లో వాళ్ళు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీతో కలిసి ట్రాక్టర్లలో దిగారు. ఆ తరువాత వాళ్ళ జీపుల్లోకి వచ్చిన డీజిలు ఇంజను కూడా ఆ ట్రాక్టరు వంశానిదే. అంటే మా తాత చేసిన పని కంపెనీ చేసిన పనికంటే మరీ వింతదేమీ కాదు. కంపెనీ చేస్తే మోడలు, మా తాత చేస్తే అతుకుల బొంత!

జీపును డి.సి.ఎం. మీద వేసుకొని వరంగల్ తెచ్చి, ములుగు రోడ్డు వైపు ఒక షెడ్డులో దించాము. నేనూ, నా రూమ్మేటూ, ఖమ్మం నుంచి వచ్చి చదివే మరో మిత్రుడూ, మొత్తం ముగ్గురం. షెడ్డు చాచాకు అరవై ఏళ్ళుంటాయి. పాత జీపుల మీదనే చేయి తిరిగిన మనిషి. "పైసలు ఎంతున్నయి బేటా?" అన్నాడు. చెప్పాము. నవ్వి, "అయితే పని మీరు చెయ్యిండ్రి, నేను తిడుత" అన్నాడు. అన్నమాట ప్రకారం బాగా తిట్టాడు.

లెక్క చెబుతాను, ఎందుకంటే జూనియర్లు అడిగేది అదే. ఇంజను బోరు, రింగులు, హెడ్డు పని 18,000. వాడిన టైర్లు నాలుగు 10,000. బ్రేకులు 6,500. బోల్తా పడితే తల పగలకుండా పైన ఇనుప పైపుల చట్రం 9,000. క్లచ్ ప్లేటు, బేరింగులు, సీళ్ళు 8,700. డి.సి.ఎం. కిరాయి 3,500. పోటీ ఫీజు 4,000. మొత్తం 59,700, తలా 19,900. రంగు వెయ్యలేదు, తుప్పు గీకి వదిలేశాము. నా వంతు సగం ట్యూషన్లతో, సగం మా అమ్మ చిట్టీతో వెళ్ళింది. వరంగల్లో పుట్టినవాడికి చిట్టీ సంగతి వివరించనక్కరలేదు. బాపుకు ఇవ్వవలసిన ఇరవై ఎనిమిది వేలు ఇందులో లేవని గమనించ ప్రార్థన.

రెండేళ్ళు ఫిజిక్సు చదివి నేను నేర్వనిది ఆ గేరు డబ్బా విప్పినప్పుడు నేర్చుకున్నాను. ఈ జీపులో గేరు కర్ర పక్కన ఇంకో రెండు చిన్న కర్రలుంటాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా లాగుడు కలుపుతుంది, ఇంకొకటి లో గేరు వేస్తుంది. మూల నమూనా లెక్కలో మొదటి గేరు 2.8, లో గేరు 2.46, ఇరుసు దగ్గర 5.38. మూడూ గుణిస్తే సుమారు 37. ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. ఘర్షణలో పోయింది పోగా చక్రం దగ్గర తిప్పుడు బలం అన్ని రెట్లు పెరుగుతుందన్నమాట. ఈ గుణకారం పరీక్షలో అడిగితే నేను రాసేవాణ్ణే. కాని ఆ 37 ఎంతో నా కాలికి తెలిసింది, యాక్సిలరేటరు ముట్టుకోకుండానే బండి మా ఊరి చెరువు గట్టు ఎక్కినప్పుడు.

అయితే నాలుగు చక్రాల లాగుడు అనే మాటలో ఒక మోసం ఉంది. ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఒకే బలం పంచుతుంది. ఒక చక్రం బురదలో జారి తేలిగ్గా తిరుగుతుంటే, గట్టి నేల మీదున్న చక్రానికి కూడా ఆ కొంచెం బలమే అందుతుంది. మా చెలక ఎర్రనేలలో దూసుకుపోయిన జీపు చెరువు శిఖంలోని నల్లరేగడిలో దిగబడి ముందొక చక్రం, వెనకొక చక్రం మాత్రం గిరగిర తిప్పుతూ నిలబడింది. గట్టు మీద నుంచి చూస్తున్న బాపు దిగి వచ్చాడు.

"లాకు తొక్కరా."

"దీనికి లాకు లేదు బాపూ."

"లాకు లేకుంట బురదల ఎట్ల దిగినవ్‌రా? ట్రాక్టరుకు ఉండదా ఏంది?"

నిజమే. బాపు నడిపే ట్రాక్టరుకు డిఫరెన్షియల్ లాకు ఉంటుంది, ఎడమ కుడి చక్రాలకు వేరువేరు బ్రేకులుంటాయి. దమ్ము చేసేటప్పుడు అవి లేకపోతే పని నడవదు. పోటీలకు వచ్చేవాళ్ళు జీపుకు లాకరు బిగించుకోవడానికి పెట్టే ఖర్చు మా జీపు మొత్తం ఖర్చుకంటే ఎక్కువ. మాకు చాచా చెప్పిన ఉపాయం, చక్రం తిరుగుతుంటే కాలి బ్రేకు కొంచెం నొక్కిపట్టడం. అప్పుడు తేలిగ్గా తిరిగే చక్రానికి కొంత అడ్డు తగిలి, రెండో చక్రానికి కూడా బలం చేరుతుంది. చేతి బ్రేకుతో ఈ పని కాదు, ఎందుకంటే ఈ జీపుల్లో చేతి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేరు డబ్బా వెనక షాఫ్టు మీద ఉంటుంది. ఇంకొకటి, టైర్లలో గాలి సగానికి దించడం. ఈ రెండింటితో బండి బయటపడింది. ఆ రోజు మా ప్రయోగశాల చెరువు శిఖం, డిమాన్‌స్ట్రేటరు మా బాపు.

ఇంతవరకూ సరదాగా ఉంది. ఇక సరదా లేని సంగతి. 2024 డిసెంబరులో కట్ట మీద నుంచి దిగుతుంటే బ్రేకు పెడలు కిందికంటా దిగిపోయింది. బండి నడుపుతున్నది నేనే. పాత జీపుల్లో బ్రేకు నూనెకు దారి ఒక్కటే. ఒక చోట కారిందంటే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. మాకు అమ్మిన వాచర్లు నకిలీవని తరువాత తెలిసింది, అమ్మిన దుకాణం పేరు రాయను. చేతి బ్రేకు లాగాను. గేరు డబ్బా నూనె కారి ఆ డ్రమ్ము తడిసి ఉంది, పట్టలేదు. ఎదురుగా మేకలు, వాటి వెనక పదేళ్ళ పిల్లవాడు. స్టీరింగు తిప్పి పక్కనున్న నారుమడిలోకి దూకించాను. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లవాడు నవ్వుతూ నిలబడ్డాడు, వాడికి అది తమాషా. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు. పాడైన నారుకు బదులుగా బాపు మా నారుమడిలో సగం వాళ్ళకిచ్చాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండేది.

ఆ తరువాత చాచా, కొత్త రకం జీపుకు వచ్చే రెండు దారుల మాస్టర్ సిలిండరు తెప్పించి బిగించాడు. ముందు చక్రాలకు ఒక దారి, వెనక చక్రాలకు ఒకటి. ఒకటి పోయినా ఒకటి ఉంటుంది. బ్రేకుల ఖర్చు అంతైంది అందుకే.

పోటీ 2025 ఫిబ్రవరిలో, హైదరాబాదు శివార్లలో. వచ్చిన పద్నాలుగు బండ్లలో మాది పదకొండోది. లక్షలు పోసి తయారు చేసుకున్న థార్ బండ్ల మధ్య మా తుప్పు జీపును చూసి ఒకాయన "ఇది స్టార్టవుతదా?" అన్నాడు. బురద గుంట దగ్గర ఆయన బండిని తాడేసి లాగవలసి వచ్చింది, మాది తనంత తానే బయటికి వచ్చింది. మూడో దశలో బండరాళ్ళ మీద వెనక షాఫ్టు క్రాసు విరిగి ఆగిపోయాము. పదకొండో స్థానానికి అంత సంబరం ఎందుకని అడగకండి, మా వెనక ముగ్గురున్నారు!

ఇప్పుడు ఫిర్యాదు. ఈ జీపును నేను రోడ్డు మీదికి తేలేను. తేకూడదు కూడా, అందుకే అన్నిసార్లు డి.సి.ఎం. కిరాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. తయారీదారు నిర్దేశానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరి యాభై ఏళ్ళు నిండిన బండి గదా, వింటేజి అనిపించుకుందామంటే, 2021లో కేంద్రం తెచ్చిన నియమాలున్నాయి. ఫీజు 20,000 రూపాయలు. అది పోనీ అనుకుంటే, బండి మూల రూపంలో ఉండాలి. చట్రం, బాడీ, ఇంజనులలో చెప్పుకోదగ్గ మార్పు ఉండకూడదు. మూల రూపంలో జీపు ఎవరి దగ్గర ఉంటుంది? ఎండకూ వానకూ తియ్యకుండా గ్యారేజీలో గుడ్డ కప్పి దాచుకున్నవారి దగ్గర ఉంటుంది. బస్తాలు మోసిన జీపుకు మూల రూపం ఎక్కడిది? రైతు ఇంట్లో గొడ్డలికి కామ మార్చినట్లు అన్నీ మార్చి మార్చి వాడుకుంటేనే అది యాభై ఏళ్ళు బతికింది. దాచుకున్న బండి వారసత్వమట, వాడుకున్న బండి తుక్కట!

నేను చట్టాన్ని వెక్కిరించడం లేదు. నారుమడిలో దిగిన నాటినుంచి ఆ హక్కు నాకు లేదు. మనవైపు కిక్కిరిసిన జీపులు బోల్తాపడి పోయిన ప్రాణాలు అందరికీ తెలిసినవే, మా తాత జీపు కూడా ఆ పాపం చెయ్యకపోవడం అదృష్టమేగాని గొప్పతనం కాదు. కాని మూల రూపంలో ఉన్నప్పుడే ఆ జీపుకు బ్రేకు దారి ఒకటి. చాచా మార్చిన తరువాత రెండు. ఏది ప్రాణం కాపాడుతుంది? మార్పు జరిగిందా లేదా అని చూసే కన్ను, మార్పు మంచిదా చెడ్డదా అని కూడా చూడాలి. బ్రిటన్‌లో ఇంటిదగ్గర కట్టుకున్న బండినైనా విడిగా పరీక్షకు పెట్టి, బ్రేకులూ లైట్లూ అన్నీ చూసి, నెగ్గితే రోడ్డుకు వదిలే పద్ధతి ఉంది. అట్లాంటి పరీక్ష ఇక్కడ పెడితే మొదటి రోజే మా జీపును తీసుకుపోతాను. తప్పితే తప్పుతుంది, ఎందుకు తప్పిందో రాసిస్తారు గదా.

ఇంకో సంగతి మన కాలేజీకే. కాజీపేట దారిలో ఎన్.ఐ.టి. ఉంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన సంస్థ. అట్లాంటి చోట్ల వర్క్‌షాపులుంటాయి. ఇంజనీరింగు వాళ్ళు సొంతంగా బండి కట్టి పరుగెత్తించే బాజా పోటీ కూడా 2007 నుంచి దేశంలో నడుస్తున్నది. బి.ఎస్సీ. వాళ్ళకు వెర్నియర్ కాలిపర్సు ఇచ్చి, ఎవరో ఎప్పుడో కొలిచిన ఇత్తడి స్తూపాన్నే మళ్ళీ కొలవమంటారు. మేమూ పాత రికార్డు చూసి అదే సంఖ్య వేస్తాము, ఇది గురువులకు తెలియని రహస్యమేమీ కాదు. ఒక రేకుల షెడ్డు, ఒక వైసు, రెండు సెట్ల పానాలు, వారానికి ఒక పూట వచ్చి తిట్టడానికి చాచాలాంటి ఒక మనిషి. నేను అడిగేది ఇంతే. పూర్వ విద్యార్థులు గేటుకు కమాను కట్టిస్తామని అనుకుంటున్నారని విన్నాను. కమాను వచ్చే ఏడు కట్టించినా ఎండకు కరిగిపోదు.

జీపు ఇప్పుడు మా చెలకలోనే తిరుగుతున్నది, రోడ్డు దాటదు. బాపుకు ఇంకా పదకొండు వేలు బాకీ ఉన్నాను. మొన్న తుక్కు కొనే ఆయన మళ్ళీ వచ్చాడట. బాపు ధర అడిగాడట. రాత్రి నాకు ఫోను చేసి, "కిలోకు రెండు రూపాయలు పెరిగిందిరా" అని చెప్పి, బ్రేకు నూనె డబ్బా ఒకటి వచ్చేటప్పుడు తెమ్మన్నాడు.