బోర్డు మార్చినంత తేలిక కాదు

2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు (చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, గ్రామీణ వికాస్) కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ‘ఒక రాష్ట్రం, ఒక గ్రామీణ బ్యాంకు’ విధానంతో దేశంలో 43గా ఉన్న ఈ బ్యాంకులు 28కి తగ్గాయి.

ఒక్క నోటిఫికేషన్‌తో బోర్డు మారుతుంది. మనుషులు అలా మారరు. నాలుగు సంస్థల సిబ్బందికి నాలుగు రకాల అలవాట్లు. సీనియారిటీ, బదిలీల గురించి దిగులు సహజం. పై అధికారి నోరు విప్పకపోతే పుకార్లే రాజ్యమేలుతాయి. తేలిందేదో, ఇంకా తేలనిదేదో ఆయన దాచకుండా చెప్పాలి. కౌంటరు దగ్గర కూర్చునేవారి ఇబ్బంది ముందుగా వినాలి. పాసుపుస్తకంతో వచ్చే రైతుకు, పొదుపు సంఘం మహిళకు ఆ కౌంటరే బ్యాంకు. అక్కడ నమ్మకం నిలిచిన రోజునే విలీనం పూర్తయినట్టు.