దాతలను తప్పుపట్టే ముందు ఆ వెబ్‌సైట్లు తెరిచి చూడండి



దాతృత్వం తగ్గిపోతోందంటూ మీ పత్రిక గత ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివి ఒళ్లు మండింది. సేవాసంస్థలు వెబ్‌సైట్లు పెట్టుకుని ఎదురుచూస్తుంటే, మా వయసువాళ్లం ఫోన్ ముట్టుకోవడానికి జంకుతున్నామట! పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరైనదాన్ని. కరెంటు బిల్లు, గ్యాసు, మనవరాలి ఫీజు అన్నీ ఫోన్లోనే కడుతున్నాను. అక్కడ లేని జంకు దానం దగ్గరే ఎందుకొస్తుందో వ్యాసకర్తగారే సెలవివ్వాలి.

మావారి ఆబ్దికానికి ఒక అనాథాశ్రమంలో పిల్లలకు ఒక పూట భోజనం పెట్టించాలనుకున్నాను. పూటకు ఎంతవుతుంది, ఆ రోజు ఖాళీ ఉందా, డబ్బు ఎలా పంపాలి? నాకు కావలసింది ఇంతే. సైటు తెరవగానే వ్యవస్థాపకుల వారికి శాలువా కప్పుతున్న ఫొటో. అది పక్కకు జరిగితే ఇంకో శాలువా. ఆ వెనక మంత్రిగారు. మా ఆశయం, మా ప్రస్థానం, మా పురస్కారాలు అన్నీ ఉన్నాయి. భోజనం ఖర్చు మాత్రం లేదు. ఫోన్ నంబరు కోసం ‘సంప్రదించండి’ నొక్కితే ఒక ఫారం వచ్చింది. ప్రశ్న రాసి పంపితే వీలు చూసుకుని జవాబిస్తారట. వాళ్ల వీలు కోసం తిథి ఆగుతుందా?

పోనీ ఎంతో కొంత పంపుదామంటే ముందు ఖాతా తెరవాలి, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. దేశం ఎంచుకోమంటే అఫ్గానిస్తాన్ నుంచి ఇండియా దాకా వేలితో తోసుకుంటూ వచ్చేసరికి ఓటీపీ గడువు తీరిపోయింది. అన్నీ దాటాక క్యూఆర్ కోడ్ చూపించి స్కాన్ చేయమన్నారు. ఫోన్లో కనిపిస్తున్న కోడ్‌ని అదే ఫోన్‌తో ఎలా స్కాన్ చేస్తారండీ? దాని కింద యూపీఐ ఐడీ రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? నగదు పట్టుకెళ్దామంటే, రూ. 2,000 దాటితే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. ఇక రశీదు ఎప్పుడిస్తారో, పాన్ నంబరు ఎక్కడ చెప్పాలో సైటంతా గాలించినా దొరకలేదు.

మనియార్డరు ఫారం గుర్తుందా? ఎవరికి, ఎంత, పంపేదెవరు, అడుగున కూపన్‌లో నాలుగు మాటలకు చోటు. నూటికి ఐదు రూపాయల కమిషన్. వేలిముద్ర వేసేవాళ్లు కూడా ఎవరిచేతో రాయించుకుని పంపేవారు. ముట్టినట్టు సంతకంతో కాగితం తిరిగొచ్చేది.

చివరికి ఆ డబ్బు మా వీధి గుళ్లో అన్నదానానికి ఇచ్చేశాను. అక్కడ ఖర్చెంతో గోడ మీదే రాసి ఉంటుంది. మీ వ్యాసకర్త లెక్కలో నేనూ దానగుణం తగ్గినదాన్నే కాబోలు.

ఈ ఇబ్బంది నా ఒక్కదానిదే కాదు. మా పక్కింటి కుర్రాడికి చూపు లేదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెర మీది అక్షరాలను అతనికి చదివి వినిపిస్తుంది. దాన్ని 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియావాసి మైకేల్ కరన్‌కూ చూపు లేదు. నేను చూసిన అనాథాశ్రమం సైటులో తెలుగు పేజీ పేరిట కరపత్రాన్ని ఫొటో తీసి పెట్టారు. అందులో అక్షరాలేవీ? కుర్రాడికి వినిపించింది ‘గ్రాఫిక్’ అన్న ఒక్క ముక్క. ఇలాంటివి జరగకూడదనే వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో!

మీ పత్రికనూ వదలను. ఆ వ్యాసం పక్కన సంస్థల వెబ్ చిరునామాలు పసుపు మీద తెల్లక్షరాలతో వేశారు. ఒకటైతే సగం ఈ కాలమ్‌లో, సగం పక్క కాలమ్‌లో. పదవినోదం అక్షరాలు చిక్కిపోయాయని ఎన్ని ఉత్తరాలు రాసినా మీకు చీమ కుట్టినట్టయినా లేదు. చదివే కళ్లు ఎవరివో మీరూ ఆలోచించరు, ఆ సంస్థలవాళ్లూ ఆలోచించరు.

వచ్చే ఆదివారం ఆ వ్యాసం రెండో భాగమట. రాసేముందు వ్యాసకర్తగారిని తన ఫోన్ తీసి, తాను మెచ్చుకున్న సంస్థల్లో ఏదో ఒకదానికి నూట పదహార్లు పంపి, రశీదు తెప్పించుకోమనండి. ఆ రశీదు ఫొటో వ్యాసం పక్కనే వేయండి.

- ఒక విశ్రాంత తపాలా ఉద్యోగిని, కాకినాడ