కొడవలి చేసిన పాపమేమిటి?

“ప్రకృతిని దాని మానాన వదిలివేయండి.” ఎంత ఇంపైన మాట! ఎంత అరకొర మాట!

ఇంగ్లండులో, కేంబ్రిడ్జ్‌కు చేరువలో, వికెన్ ఫెన్ అనే చిత్తడినేల ఉంది. చలికాలం వచ్చిందంటే స్వచ్ఛంద కార్యకర్తలు అక్కడ బురదలో దిగి పొదలు నరుకుతారు. రక్షిత ప్రాంతంలో నరుకుడేమిటని ముక్కున వేలేసుకునే మిత్రులకు ఒక్క మనవి. పక్షులు గూళ్ళు కట్టని కాలం గనుకనే ఆ పనికి చలికాలాన్ని ఎంచుకున్నారు. నరకకపోతే పొదలు కమ్ముకుని, చిత్తడి కాస్తా చిట్టడవి అవుతుంది.

ఒకప్పుడు ఈ బెడద లేదు. చుట్టుపక్కల పల్లెవారు ఇంటికప్పులకు తుంగ కోసుకునేవారు. 1899లో నేషనల్ ట్రస్టు అక్కడ తొలి తునక భూమిని కొన్నది. కానీ తుంగకు గిరాకీ పోయాక కోత తగ్గింది, పొద పెరిగింది. నాటి బ్రతుకుతెరువే నేటి సేవ.

మరి మన దేశంలో మనమేం చేశాం? 1982లో భరత్‌పూర్ పక్షుల నెలవులో పశువుల మేతను నిషేధించాం. ఎదిరించిన గ్రామస్థులపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మేసే గేదెలు లేక గడ్డి విజృంభించి మడుగులను మూసివేస్తోందని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులే తరువాత తేల్చారు.

పొట్టకూటికి చేస్తే నేరం, తీరిక వేళ చేస్తే సేవ! ఇదెక్కడి న్యాయం? చలిలో వణుకుతూ పొదలు నరికే ఆ కార్యకర్తలకు నేనూ చేతులెత్తి మొక్కుతాను. అయితే ఆ మొక్కులో సగం తుంగ కోసిన పల్లెకు, గేదెలను తోలిన పల్లెకు చెందాలి.